ఈత పోటీల సమయాలను ఎలా చదవాలి

తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారాలు.

జాతీయ స్థాయి ఈత పోటీల ఫలితాలు వెలువడిన ప్రతిసారీ మన పిల్లల సమయాలను జాతీయ రికార్డుల పక్కన పెట్టి చూసి, ఇంకా ఇన్ని సెకన్లు వెనకబడి ఉన్నారేమిటని కొందరు అడుగుతున్నారు. ఆ ఆరాటం సహజమే. అయితే ఒక రికార్డు ఏ కొలనులో, ఏ నిబంధనల కింద నమోదైందో తెలుసుకోకుండా దానితో పిల్లలను పోల్చడం వారికి అన్యాయం చేయడమే అవుతుందని నా అభిప్రాయం. అందుకే ఈ లేఖను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాను.

ముందుగా చూడవలసింది కొలను పొడవు. 50 మీటర్ల కొలనులో సాధించిన రికార్డులను, 25 మీటర్ల కొలనులో సాధించిన వాటిని వేర్వేరు పట్టికల్లో నమోదు చేస్తారు. మలుపు దగ్గర గోడను కాళ్లతో బలంగా తన్నినప్పుడు వచ్చే వేగం చేతులతో ఈదేటప్పుడు రాదు. 200 మీటర్ల పందెంలో పెద్ద కొలనులో మూడు మలుపులుంటే చిన్న కొలనులో ఏడు ఉంటాయి కాబట్టి, అదే స్విమ్మర్ చిన్న కొలనులో సాధారణంగా తక్కువ సమయంలోనే పందెం ముగిస్తారు. మన పిల్లలు సాధన చేసేది 25 మీటర్ల కొలనులో. ఆ సమయాలను పెద్ద కొలను పట్టికతో పోల్చితే అటు పొగడ్తా, ఇటు నిందా రెండూ తప్పే అవుతాయి.

ఇక సమయాన్ని కొలిచే పద్ధతి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పురుషుల 400 మీటర్ల వ్యక్తిగత మెడ్లీలో (ఒకే స్విమ్మర్ నాలుగు రకాల ఈతలూ ఈదే పందెం) స్వీడన్‌కు చెందిన గున్నార్ లార్సన్, అమెరికాకు చెందిన టిమ్ మెక్‌కీని సెకనులో వెయ్యో వంతులు రెండింటి తేడాతో ఓడించాడు. ఆ వ్యవధిలో స్విమ్మర్ సాగే దూరం మూడు మిల్లీమీటర్లు మాత్రమే. కొలను నిర్మాణంలోనే ఒక లేన్‌కూ మరో లేన్‌కూ మధ్య అంతకంటే ఎక్కువ తేడాను నిబంధనలు అనుమతిస్తాయి. అంటే అక్కడ కొలిచింది ఈతనా, గోడనా అని చెప్పలేము. ఆ తర్వాత సెకనులో నూరో వంతు వరకే లెక్కించి, అక్కడా సమానమైతే పతకాన్ని పంచడం మొదలుపెట్టారు. 2016 రియో ఒలింపిక్స్‌లో మహిళల 100 మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణాన్ని సిమోన్ మాన్యుయెల్, పెన్నీ ఒలెక్సియాక్ 52.70 సెకన్లతో పంచుకున్నది అందువల్లే. స్విమ్మర్ తాకగానే గడియారాన్ని ఆపేలా గోడకు అమర్చే, ఇంత సూక్ష్మంగా కొలిచే టచ్‌ప్యాడ్ సమయానికీ, చేతి స్టాప్‌వాచ్‌తో గ్యాలరీ నుంచి తీసిన సమయానికీ పొంతన ఉండదు.

ఈత దుస్తుల ప్రభావం కూడా తక్కువేమీ కాదు. 2009 రోమ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో 43 ప్రపంచ రికార్డులు బద్దలవడానికి నీటిలో తేలుడును పెంచే పాలియురెథేన్ (ఒక రకం ప్లాస్టిక్) సూట్లు పెద్ద కారణం. 2010 నుంచి వాటిని నిషేధించినా అప్పటి రికార్డులను రద్దు చేయలేదు. పురుషుల 200 మీటర్ల ఫ్రీస్టైల్‌లో జర్మనీకి చెందిన పాల్ బీడర్‌మన్ అప్పుడు నెలకొల్పిన 1:42.00 (ఒక నిమిషం 42 సెకన్లు) రికార్డు ఏళ్ల తరబడి చెక్కుచెదరలేదు. నలుగురు ఒకరి తర్వాత ఒకరు ఈదే రిలేలోనైతే మొదటి స్విమ్మర్ సమయమే వ్యక్తిగత రికార్డుకు పరిగణనలోకి వస్తుంది, ఎందుకంటే మిగిలిన ముగ్గురూ ముందువారి రాకను చూస్తూ దూకుతారు కాబట్టి వారికి ఆరంభంలో కొంత సమయం కలిసివస్తుంది.

ఎంత వేగంగా ఈదినా నియమం తప్పితే ఆ సమయం లెక్కలోకే రాదన్నది పిల్లలను ఎక్కువగా బాధపెట్టే విషయం. బ్రెస్ట్‌స్ట్రోక్‌లోనూ బటర్‌ఫ్లైలోనూ ప్రతి మలుపులో, ముగింపులో రెండు చేతులూ ఒకేసారి గోడను తాకాలి. అలసిన క్షణంలో ఒక చెయ్యి ముందుపడితే అనర్హతే. అలా బయటికి వచ్చిన బిడ్డను సమయం ఎంత అని అడగకండి. ఏ మలుపులో పొరపాటు జరిగిందో కోచ్ ఆ రోజే వివరిస్తారు.

ఇకపై మేము ఇంటికి పంపే ఫలితాల పత్రంలో కొలను పొడవు, సమయం తీసిన పద్ధతి, అదే పందెంలో అదే పొడవు కొలనులో విద్యార్థి ఇంతకుముందు సాధించిన సమయం ఉంటాయి. జాతీయ రికార్డును అందులో చేర్చడం లేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు