అమ్మ, బాపు వచ్చి వెళ్లారు: మీ అందరికీ కృతజ్ఞతలు

మొన్న ఆదివారం అమ్మను, బాపును హీత్రూలో విమానం ఎక్కించి వచ్చాను. ఆరు వారాలు ఉన్నారు. ఆ ఆరు వారాలు మా పాప వాళ్ల ఒళ్లోనే ఉంది. అది మాకు దక్కిందంటే మీలో కొందరి వల్లే. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు, కానీ ఎవరేం చేశారో చెప్పకుండా ఉండలేను.

2024 అక్టోబరులో అమ్మకు, బాపుకు మొదటిసారి బ్రిటన్ విజిటర్ వీసాకు పెట్టాం. డిసెంబరులో నా డెలివరీ. ఫారం నింపిన కన్సల్టెన్సీ వాళ్లు మమ్మల్ని ఒక్క మాట అడగకుండా ఆరు నెలలు ఉంటారని రాసేశారు. ఇద్దరికీ రిఫ్యూజ్ అయింది. మనిషికి 115 పౌండ్ల ఫీజు కూడా పోయింది. లెటర్‌లో రెండు కారణాలు చెప్పారు. దరఖాస్తుకు 12 రోజుల ముందు బాపు ఖాతాలో పడిన మూడు లక్షల ఎనభై వేలు ఎక్కడివో తెలియదని ఒకటి, వ్యవసాయమే జీవనం అన్న మనిషి ఆరు నెలలు పొలం ఎలా వదిలి వస్తాడని రెండోది. బాపు ఫోన్‌లో ఒక్కటే అడిగాడు, "నేనేం తప్పు చేసిన బిడ్డా?" అని. ఆ రోజు నాకు జవాబు దొరకలేదు.

అప్పీల్ వేద్దాం, 900 పౌండ్లు అవుతుందని ఇక్కడే ఒకాయన చెప్పాడు. టెన్షన్‌లో డబ్బు పంపబోయాను కూడా. లెస్టర్ ఊళ్లో ఉండే అన్నా, ఆ రాత్రి పదకొండింటికి నువ్వు ఫోన్ చేసి ఆపకపోతే పంపేసేదాన్నే. ఒకప్పుడు కుటుంబాన్ని చూడటానికి వచ్చేవాళ్లకు వీసా రాకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లే పూర్తి హక్కు ఉండేదని, 2012 జులైలో దాన్ని కొందరు దగ్గరి బంధువులకే కుదించి, 2013 జూన్ 25 నుంచి పూర్తిగానే తీసేశారని నువ్వు ఓపిగ్గా చెప్పావు. మిగిలింది మానవ హక్కుల దారి ఒక్కటే, అంటే వీసా ఇవ్వకపోవడం మా కుటుంబ జీవన హక్కును దెబ్బతీసిందని అప్పీల్ వేయడం. పెళ్లయి వేరే కాపురం ఉంటున్న కూతురి దగ్గరికి తల్లిదండ్రులు కొన్నాళ్లు వచ్చే కేసులో అది నిలబడటం చాలా కష్టం. జ్యుడీషియల్ రివ్యూకు (కోర్టులో నిర్ణయాన్ని సవాలు చేయడానికి) మూడు నెలల లోపు వెళ్లొచ్చు, కానీ ఖర్చు వేల పౌండ్లలో ఉంటుంది, పైగా అక్కడ నిర్ణయం చట్టప్రకారం తీసుకున్నారా అని చూస్తారు తప్ప కోర్టే వీసా ఇచ్చేయదు. మళ్లీ దరఖాస్తు చేయడానికి మాత్రం గడువేమీ లేదు. "కొట్లాట వద్దు చెల్లె, వాళ్లు అడిగిన రెండింటికీ జవాబు చెప్పు" అన్నావు.

ఆ జవాబు బాపు దగ్గరే ఉంది. ఆ డబ్బు ఆయన ఎత్తుకున్న చిట్టీది, అంతకుముందు సంవత్సరం మిర్చి అమ్మిన డబ్బుతో కట్టిన చిట్టీ. ఏనుమాముల మార్కెట్లో మిర్చి కొన్న అడ్తి సేటు పాత తక్‌పట్టీలన్నీ (అమ్మకం చిట్టాలు) వెతికి మళ్లీ రాసిచ్చాడు. మా ఊరి తమ్ముడు వాటినీ, చిట్టీ పుస్తకాన్నీ, పట్టా పాసుబుక్కునూ స్కాన్ చేయడానికి నర్సంపేటకు మూడుసార్లు తిరిగాడు. రీడింగ్ ఊళ్లో ఉండే అక్క తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ అనువాదం చేయించి, కింద అనువాదకుడి పేరు, సంతకం, తేదీ, ఫోన్ నంబరు ఉన్నాయో లేదో తనే చూసింది. అవి లేకపోతే అనువాదాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చని నాకప్పటిదాకా తెలియదు.

రెండోసారి ఆరు నెలలు రాయలేదు. మిర్చి ఏరడం అయిపోయాక ఏప్రిల్‌లో వచ్చి, మృగశిర కార్తె నాటికి ఊళ్లో ఉంటామని రాశాం, ఎందుకంటే తొలకరి పడితే పత్తి గింజలు పెట్టాలి. బాపు బతుకంతా ఆ లెక్క మీదే నడిచింది, మేమే మొదటిసారి అది చెప్పలేదు. ముందు రిఫ్యూజ్ అయిన సంగతి దాచమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు, దయచేసి ఎవరూ ఆ పని చేయకండి, అబద్ధం చెప్పారని తేలితే పదేళ్లు బ్యాన్ పడొచ్చు. మేము ఉన్నది ఉన్నట్టు రాసి, పాత లెటర్ కూడా జత చేశాం. ఫిబ్రవరిలో పెట్టాం, మార్చిలో వీసాలు వచ్చాయి.

డెలివరీ సమయానికి అమ్మ నా పక్కన లేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది. కానీ నాలుగు నెలల పిల్లకు అమ్మ రోజూ నూనె రాసి స్నానం పోస్తుంటే, బాపు పక్కన కూర్చుని టవల్ పట్టుకుని ఎదురుచూస్తుంటే మీరందరూ గుర్తొచ్చారు.

ఎవరికైనా మా కవరింగ్ లెటర్ నమూనా కావాలంటే అడగండి, వివరాలు తీసేసి పంపుతాను. లెస్టర్ అన్నా, రీడింగ్ అక్కా, బాపు మీకోసం మన చేను మిర్చితో పట్టించిన కారం తెచ్చాడు. మీ ఇద్దరి పొట్లాలూ నా దగ్గరే ఉన్నాయి, శనివారం పాపను తీసుకుని వస్తాం.