మన బాతు ముత్యాలు కోలుకుంది: తల్లిదండ్రులకు లేఖ

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

కొద్దిరోజులుగా క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లో మన బడి బాతు ముత్యాలు గురించే చర్చ నడుస్తోంది. "స్కూల్లో బర్డ్ ఫ్లూ అట, పిల్లల్ని పంపొచ్చా?" అని టెన్షన్ పడి కొందరు ఫోన్ చేశారు. వారికి కృతజ్ఞతలు. మమ్మల్ని అడగకుండానే ఆ మెసేజిని వేరే గ్రూపులకు పంపినవారు కూడా ముందు ఆఫీసుకు ఒక్క ఫోన్ చేసి ఉంటే బాగుండేది. అది బర్డ్ ఫ్లూ కాదు. పశువుల డాక్టరు గారు పరీక్షించి, ఎక్స్‌రే తీసి చెప్పిన మాట ఇది. ముత్యాలు కందనకాయలో ఉన్నవి స్టాప్లర్ పిన్నులు.

బాతుకు పళ్లుండవు. గింజలు అరగడానికి చిన్న చిన్న రాళ్లు ఏరుకుని మింగుతుంది. నేల మీద మెరిసే పిన్నును కూడా అలాగే మింగేస్తుంది. పిన్ను తుప్పు పట్టకుండా వేసే జింకు పూత కడుపులోని ఆమ్లానికి కరిగి రక్తంలో కలుస్తుంది, అదే విషమవుతుంది. రెక్కలు వేలాడేసి, కాళ్లు ఈడుస్తూ, ముదురాకుపచ్చ రెట్ట వేస్తున్న ముత్యాలును మొదట గమనించింది ఎనిమిదో తరగతి అమ్మాయి. రోజూ తన నోటుబుక్కులో బాతులు ఏం తిన్నాయో, రెట్ట ఎలా ఉందో రాసుకుంటుంది కాబట్టే తేడా కనిపెట్టింది. పెద్దవాళ్లం మేం అదే చెరువుగుంట పక్కనుంచి పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉన్నాం.

మా సైన్స్ టీచర్, తొమ్మిదో తరగతి అబ్బాయి ముత్యాలును తువ్వాల్లో చుట్టుకుని ఆటోలో తీసుకెళ్లారు. మెట్టుగూడ ట్రాఫిక్‌లో ఆగినంతసేపూ ఆ అబ్బాయి దాని మెడ వాలిపోకుండా అరచేయి ఆనించి కూర్చున్నాడట. డాక్టరు గారు మత్తు ఇచ్చి, గొట్టంతో కడిగి పిన్నులు బయటికి తీశారు, రక్తంలోని జింకును పట్టి బయటికి పంపే ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ తర్వాతి సేవంతా పిల్లలదే. బాతు నోట్లో నీళ్లు పోయకూడదు, నాలుక మొదట్లోనే శ్వాసనాళం తెరుచుకుని ఉంటుంది, పొలమారితే ప్రాణానికే ముప్పు. అందుకే ముక్కు అంచున ఒక్కో చుక్క వేసి, అది మింగాక ఇంకో చుక్క వేసేవారు. జబ్బు బాతు ఈకలకు నూనె రాసుకోదు, ఈకలు తడిసి బరువెక్కి నీళ్లలో మునిగిపోగలదు కాబట్టి గుంటలోకి పోనివ్వలేదు. ఒంటరిగా బెంగపడకుండా జత బాతును వలకు అవతల ఉంచారు. ఒక మధ్యాహ్నం ఆరో తరగతి బుడతడు చెప్పులు కూడా వేసుకోకుండా నా గదిలోకి పరుగెత్తుకొచ్చి "మేడమ్, తోక దగ్గర ముక్కు పెట్టింది, నూనె రాసుకుంటోంది!" అని అరిచాడు. అంత చిన్నవాడికి ఆ గుర్తు తెలియడం చూసి నాకు కళ్లు చెమర్చాయి. ఈ పిల్లల్ని కన్నందుకు మీరు గర్వపడాలి.

"ఫీజు కట్టేది చదువుకోవడానికి, బాతు రెట్ట ఎత్తడానికి కాదు" అని ఒక లేఖ వచ్చింది. ఈ విషయంలో నా మాట మారదు. జీవుల పట్ల దయ ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతుంది. మన పిల్లలు దాన్ని సాంఘికశాస్త్రంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకుంటారు. అంతటితో ఆగిపోతే అది చదువెలా అవుతుంది? తొట్టి కడిగిన చేయికి నీళ్ల విలువ తెలుస్తుంది, తిండి పెట్టిన చేయికి ఆకలి తెలుస్తుంది. శుభ్రం చేయడం ఎవరో వేరేవాళ్ల పని అనే ఆలోచన ఈ బడి గేటు లోపలికి రాకూడదని నా పట్టుదల. అబ్బాయిలూ అమ్మాయిలూ, టీచర్ల పిల్లలూ ఆయాల పిల్లలూ వంతులవారీగా చేస్తారు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించడం మా బాధ్యత, అది జరుగుతోంది.

ఇక ఆ పిన్నులు ఎక్కడివో చెప్పాలి. టిఫిన్ బాక్సుకు బదులు చాలామంది పిల్లలు బేకరీల్లో పిన్ను కొట్టి అమ్మే మిక్చరు, చిప్స్ పొట్లాలు తెస్తున్నారు. చించగానే పిన్ను నేల మీద పడుతుంది. పొద్దున్నే హడావుడి ఉంటుందని నాకు తెలుసు. అయినా రెండు ఇడ్లీలో, పెరుగన్నమో స్టీలు డబ్బాలో పెట్టి పంపడం అసాధ్యమేమీ కాదు. పొట్లాలు తేవద్దని జూన్‌లోనే డైరీలో రాశాం, దాని కింద మీ సంతకాలున్నాయి. సోమవారం నుంచి గేటు దగ్గరే తీసి పక్కన పెడతాం, సాయంత్రం తిరిగి ఇస్తాం. బాతులకని బ్రెడ్డు, బిస్కెట్లు కూడా పంపకండి. కడుపు నిండుతుంది గానీ బలం రాదు, ఎదిగే బాతుపిల్లలకైతే రెక్కలు వంకర తిరిగే ప్రమాదమూ ఉంది. జూపార్కులో జంతువులకు తిండి పెట్టవద్దని బోర్డులు పెట్టేది ఊరికే కాదు. పంపాలనుకుంటే వడ్లు, తవుడు, పచ్చి బఠానీలు, సన్నగా తరిగిన తోటకూర పంపండి.

ఎఫ్‌ఏ-2 పరీక్షల టైంటేబుల్ డైరీలో అంటించాం, రెండో టర్మ్ ఫీజు ఈ నెలాఖరులోగా కట్టగలరు, ఐడీ కార్డు ఫొటోలు ఇంకా ఇవ్వనివారు వెంటనే ఇవ్వాలి.

దసరా సెలవుల్లో బాతులకు పొద్దున, సాయంత్రం మేత, నీళ్లు చూడటానికి దగ్గర్లో ఉండే కుటుంబాలు కావాలి. పాత తువ్వాళ్లు కూడా పనికొస్తాయి. ఆఫీసులో పేరు రాయించండి, ఏం చేయాలో పిల్లలే మీకు నేర్పిస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు