అత్తయ్యగారిని, మామయ్యగారిని ఓడ ఎక్కించే ముందు

విద్యానగర్, హైదరాబాద్

చిరంజీవి సౌభాగ్యవతి చిట్టికి నాన్న దీవెనలు.

బిడ్డా, ఓడ ప్రయాణం ముగించుకుని మేము ఇల్లు చేరి కుదురుకున్నాం. అమ్మ కులాసా. మీ అత్తయ్యగారిని, మామయ్యగారిని కూడా వచ్చే ఏడు ఓడ ఎక్కిద్దామనుకుంటున్నాం, ఏ రూటు మంచిదని మొన్న అడిగావు. ఫోన్‌లో అయితే ఒకటి చెప్పి నాలుగు మర్చిపోతాను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

ఏజెంటు ఎన్ని చూపించినా, రెండు మహాసముద్రాల్ని కలిపే పనామా కాలువ దాటే రూటే తీసుకో. దీవులు తిప్పి తెచ్చేవి ధర తక్కువే కావచ్చు. కానీ నీటిపారుదల శాఖలో అన్నేళ్ళు పనిచేసిన మనిషి మీ మామయ్యగారు. ఆయనకు బీచీలు, దుకాణాలు చూపించి వెనక్కి తెస్తే ఏం బాగుంటుంది? ఇంకో మాట. బుక్ చేసేటప్పుడు పాత లాక్‌ల గుండా పోయే ఓడేనా అని అడుగు. లాక్‌లంటే గేట్లు మూసి, నీళ్ళు నింపి ఓడని మెట్టుమెట్టుగా పైకెత్తే పెద్ద తొట్లు. మరీ పెద్ద ఓడలు 2016లో తెరిచిన కొత్త లాక్‌లలోంచి పోతాయి, అక్కడ ఓడని టగ్ బోట్లు పట్టుకుంటాయి. 1914 నాటి పనితనం చూడాలంటే పాతవాటిలోనే పోవాలి.

ఆ రోజు చీకటితోనే లేచి ముందు డెక్ మీద రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాం. గాతున్ లాక్‌ల దగ్గర ఓడ నెమ్మదించింది. అప్పుడు చిన్న తెడ్డు పడవ ఒకటి వచ్చింది, అందులో ఇద్దరే మనుషులు. మా ఓడ పక్కకి చేరి, పైనుంచి వేసిన తాడు అందుకుని గట్టుకి చేర్చారు. ఇంత యంత్రాంగం ఉన్నచోట ఆ పని చేసింది తెడ్డు పడవే. ఆ తాడు వెంట ఇనుప తీగలు కడతారు. గట్టు మీద పట్టాలపై నడిచే కరెంటు ఇంజన్లు, వాటిని మ్యూల్స్ అంటారు, ఆ తీగలతో ఓడని రెండు పక్కలా బిగబట్టి గోడకి తగలకుండా నడిపిస్తాయి. లాక్ వెడల్పు 33.5 మీటర్లు. మా ఓడ 32 మీటర్ల పైచిలుకు. అంటే గోడకీ ఓడకీ మధ్య ఒక్కో పక్క రెండడుగుల సందు. కింది డెక్ నుంచి చూస్తే గోడ మీది పాచి, నీళ్ళు కారిన చారలు కళ్ళకి ఆనుతున్నట్టే ఉన్నాయి.

గేట్లు మూసుకున్నాయి. నీళ్ళు లేచాయి, నీళ్ళతోపాటు మేమూ లేచాం. మూడు మెట్లలో 26 మీటర్లు పైకెక్కి సరస్సులో పడ్డాం. ఎక్కడా పంపు లేదు బిడ్డా. పైనున్న గాతున్ సరస్సు నీళ్ళే తూముల గుండా తమంతట తాము పల్లానికి పారతాయి. చెరువు తూము గురించి గంటసేపు చెప్పగల మీ మామయ్యగారు అక్కడ భోజనానికి కూడా లోపలికి రారు, రాసిపెట్టుకో. ఒక్క ఓడ ఇటునుంచి అటు దాటితే దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీళ్ళు సముద్రం పాలవుతాయి. 2023లో వానలు మొహం చాటేస్తే సరస్సు దిగిపోయి, రోజుకి వదిలే ఓడల్నే తగ్గించారు. నీళ్ళు ఇలా సముద్రం పాలవుతాయనే కొత్త లాక్‌ల పక్కన తొట్లు కట్టి నీళ్ళలో సగానికి పైగా మళ్ళీ వాడుకుంటారు.

నాకు మాత్రం ఆ కాలువ ఇంకోలా కనిపించింది. సర్వీసంతా మలేరియా విభాగంలో, బస్తీల్లో మోరీలు, నాలాలు, నీళ్ళ ట్యాంకులు చూసుకుంటూ గడిపినవాణ్ణి కదా. సూయజ్ కాలువ తవ్వించిన ఫెర్డినాండ్ ద లెసెప్స్ పెద్దరికంలో ఫ్రెంచివాళ్ళు 1881లో ఇక్కడ పని మొదలుపెట్టారు. 1889కి కంపెనీ దివాలా. ఈలోగా ఎల్లో ఫీవర్, మలేరియా, ప్రమాదాలు కలిసి 20 వేలమందికి పైగా కూలీల్ని, ఇంజనీర్లని తిన్నాయని అంచనా. వాళ్ళ ఆసుపత్రిలో మంచాల కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవాళ్ళు, రోగుల మీదికి చీమలు ఎక్కకుండా. మీ నాయనమ్మ పాలగిన్నెని నీళ్ళ పళ్ళెంలో పెట్టినట్టే. ఆ గిన్నెల్లోనే దోమ గుడ్లు పెట్టింది. ఒక మంచం మీది జ్వరాన్ని పక్క మంచానికి మోసింది. సేవ చేసినవాళ్ళకి ఆ సంగతి తెలిసే దారే లేదు, ఎందుకంటే అప్పటికి దోమ మీద ఎవరి కన్నూ గట్టిగా పడలేదు.

కన్ను పడింది మన ఊళ్ళో. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. నీ చిన్నప్పుడు బేగంపేటలో ఆ బంగళా చూపించాను, గుర్తుందా? ఆ దోమలచేత కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్, కాటుకి అణా చొప్పున తీసుకున్నాడు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. ఎల్లో ఫీవర్‌ని మోసేదీ దోమేనని 1900లో క్యూబాలో వాల్టర్ రీడ్ బృందం తేల్చింది. 1904లో అమెరికావాళ్ళు పనామాలో పని చేపట్టినప్పుడు విలియం గోర్గస్ అనే సైనిక వైద్యుడు ఈ రెండు ముక్కలూ పట్టుకుని దిగాడు. పొగ పెట్టించాడు, నిలవ నీటి మీద నూనె పోయించాడు, కిటికీలకి జాలీలు కొట్టించాడు. జనం పీపాల్లో నీళ్ళు పట్టి దాచుకునే అవసరం లేకుండా ఊళ్ళకి పైపులు వేశారు. రెండేళ్ళు గడిచేసరికి అక్కడ ఎల్లో ఫీవర్ పోయింది. కాలువ తవ్వడం జోరందుకుంది ఆ తర్వాతే.

మేము బస్తీల్లో చేసిందీ అదే పని బిడ్డా. ఆయిల్ బాల్స్ వేశాం, దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు వదిలాం, కూలర్లు బోర్లించమని ఇల్లిల్లూ తిరిగి బతిమాలాం. ఆ పని పైకి కనబడదు. జ్వరం రాని ఇంట్లో దాని ఊసే ఎవరూ ఎత్తరు. ఆ గోడల మధ్య ఓడ లేస్తుంటే నాతో మోరీల్లో దిగి పనిచేసినవాళ్ళంతా కళ్ళముందు మెదిలారు, గొంతు పట్టేసింది. మీ అమ్మ చెయ్యి పట్టుకుని ఊరుకుంది.

రేవుల్లో కార్టహేనా ఒక్కదాని గురించే రాస్తాను. ఫ్లోరిడాలో ఎక్కించుకుని కాలిఫోర్నియాలో దించాలంటే విదేశీ జెండా ఓడ దూరదేశపు రేవు ఒకటి తాకాల్సిందే. అది అమెరికాలో 1886 నాటి చట్టం. అందుకే మా ఓడ ఈ కొలంబియా రేవులో ఆగింది, మనకది మంచికే వచ్చింది. స్పెయిన్‌వాళ్ళు కట్టిన సాన్ ఫెలిపె కోట ఉంది అక్కడ. లోపల సొరంగాలు, శత్రువు అడుగుల చప్పుడు దూరానికి వినబడేలా కట్టారట. గోల్కొండలో ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే బాలా హిసార్‌లో వినబడదూ, అలా. మీ అమ్మ అక్కడా చప్పట్లు కొట్టి చూసింది. కోట ఎక్కడం ఎండలో కష్టం, మీ అత్తయ్యగారి మోకాళ్ళకి పడదు. ఆవిడకి గోడల లోపలి పాత ఊరు చాలు, బాల్కనీల నిండా కాగితం పూలు. మెక్సికోలోని కాబో సాన్ లూకాస్‌లో ఓడ ఒడ్డుకి పోదు, చిన్న పడవలోకి దిగాలి, అల ఊపుతుంటుంది. వద్దనుకుంటే ఓడలో ఉండిపోమను.

ఓడ మీద కాలం తేలిగ్గానే గడుస్తుంది. గది మాత్రం కింది డెక్‌లో, ఓడ నడిమికి తీసుకో, ఊపు తక్కువ. కరీబియన్‌లో మొదటి రెండు రోజులు మీ అమ్మకి వికారం పెట్టింది. ఓడవాళ్ళు పచ్చ ఆపిల్, ఉప్పు బిస్కెట్లు ఇచ్చారు, మన శొంఠి కూడా పనిచేసింది. అన్నం, పప్పు కావాలంటే ముందు రోజు రాత్రే భోజనశాల పెద్దకి చెప్పాలి. బఫే దగ్గర జెల్ రాసుకుని ఊరుకోవద్దను. ఓడల్లో కడుపు పాడుచేసే నోరోవైరస్‌కి జెల్ సరిపోదు, సబ్బుతో రుద్ది కడగాల్సిందే.

వంటశాలలో శ్రీకాకుళం కుర్రాడొకడు కలిశాడు. తెలుగు వినబడగానే వరండాలో ఆగిపోయాడు. ఎనిమిది నెలల కాంట్రాక్టట, చెల్లెలు నర్సింగ్ చదువుతోందట. మీ అమ్మ సకినాలు ఇస్తే గోడవైపు తిరిగి ఒకటి తిన్నాడు, మిగతావి జేబు రుమాలులో మూటగట్టుకున్నాడు. మీ వాళ్ళ సంచిలో అలాంటివి కాస్త ఎక్కువే పెట్టించు. ప్రతి ఓడలోనూ మన పిల్లలు ఎవరో ఒకరు ఉంటారు.

ఇక కాగితాలు. మళ్ళీ అమెరికాలోకి రావాలి కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. ఎల్లో ఫీవర్ టీకా సంగతి మరీ ముఖ్యం. ఆ జబ్బు ఉన్న దేశం వదిలి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగితే ఎయిర్‌పోర్టులో టీకా కార్డు అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. పనామా, కొలంబియా రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. మనకి డెంగీ తెచ్చే ఏడిస్ దోమే దాన్నీ మోస్తుంది, అందుకే అంత కట్టుదిట్టం, అది న్యాయమే. మాలా మయామి నుంచి లాస్ ఏంజిలిస్ వైపు అయితే పనామా దాటాక సముద్రంలోనే వారం గడిచిపోతుంది. ఎదురు దిక్కున వస్తే కార్టహేనా చివర్లో తగులుతుంది, దిగీదిగగానే విమానమెక్కితే చిక్కే. ఏ దిక్కయినా సరే టీకా వేయించడమే నయం. ఒకసారి వేయిస్తే కార్డు జీవితాంతం చెల్లుతుంది, కాకపోతే వేయించిన పది రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది. అరవై దాటినవాళ్ళకి డాక్టరు వాళ్ళ మందులు, జబ్బులు అన్నీ అడిగి చూసిగానీ వేయరు. కాబట్టి బావగారి షుగర్ రిపోర్టులు, మందుల చీటీలు సిద్ధంగా ఉంచమను.

ఆ టీకా నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేస్తారు, నాకు అలవాటైన చోటే. ఇద్దర్నీ నేనే దగ్గరుండి తీసుకెళ్తాను. టికెట్ల తేదీ ఖాయం కాగానే చెప్పు.

ఇట్లు,
మీ నాన్న