వార్షిక నివేదిక: కాగితం మీద ఊరు, నోట్లో క్రియోల్

మారిషస్‌లోని మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. కిందటి సర్వసభ్య సమావేశం తీర్మానం ప్రకారం ఈ నివేదిక తెలుగులోనే రాస్తున్నాను. మీలో సగం మంది దీన్ని చదవలేరని తెలుసు. సమావేశం రోజున మనం రోజూ మాట్లాడే క్రియోల్‌లో (ఫ్రెంచి నుంచి పుట్టిన ఇక్కడి భాష) చెబుతాను, అప్పుడైనా కునుకు తీయకండి.

ఉగాది బాగా జరిగింది. మారిషస్‌లో ఆ రోజు అందరికీ సెలవే కాబట్టి ఇరుగుపొరుగు కూడా వచ్చారు. పంచాంగ శ్రవణంలో వసంతం గురించి విన్నాం, భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నాం కాబట్టి బయట మాత్రం వేసవి వెళ్ళిపోతోంది. మన మామిడికాయల కాలం డిసెంబరు కదా! పచ్చడికి ఆడవాళ్ళు ఫ్రీజర్లో దాచిన ముక్కలే దిక్కయ్యాయి. ఎదురింటి ముస్లిం దంపతులు రెండోసారి అడిగి వేయించుకున్నారు.

సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, రామభజన ఎప్పటిలాగే జరిగాయి. భజనలో దీపం చుట్టూ తిరిగిన కుర్రాళ్ళు పాటల్ని ఫ్రెంచి అక్షరాల్లో రాసుకొచ్చారని కొందరు పెద్దలు చిన్నబుచ్చుకున్నారు. చెరకు తోటల్లో కూలికి వచ్చి ఇక్కడ ఓడ దిగిన ముత్తాతల్లో ఎందరికి అక్షరాలొచ్చు? వాళ్ళు చెవితోనే కదా దాచుకొచ్చింది.

ఈ ఏడాది నాకు బాగా గుర్తుండేది నవంబరు 2. 1834లో ఆ రోజున అట్లాస్ ఓడ దిగిన 36 మంది ఒప్పంద కూలీలు తెలుగువాళ్ళు కారు, కలకత్తా నుంచి వచ్చినవాళ్ళు. మనవాళ్ళు తర్వాత కాకినాడ దగ్గరి కోరింగ రేవు వైపు నుంచి వచ్చారు. 1843లో వచ్చిన ఒక ఓడ పేరే కోరింగ ప్యాకెట్. పోర్ట్ లూయీలో కూలీలు దిగిన రేవు ఆప్రవాసీ ఘాట్ దగ్గర పూలు వేసి, మరో రోజు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళాం. కూలీల రిజిస్టర్లు అక్కడే ఉన్నాయి. ముత్తాతకు అప్పుడిచ్చిన వలస నంబరు తెలిస్తే పని సులువు, తెలియకపోతే ఓపిక కావాలి. మన సభ్యుడొకరు రెండుసార్లు తిరిగి తన ముత్తాత అప్పలస్వామిని పట్టుకున్నారు. ఆ ఒక్కడి పేరే ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ఇంటిపేరు. అసలు ఇంటిపేరు రిజిస్టర్లో లేదు. ఊరి పేరు గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నాడు. విశాఖ వైపు ఏ ఊరైనా కావచ్చు. “ఊరు దొరకలేదు గాని, చెరకు తోట దొరికింది,” అన్నారాయన బయటికొచ్చి. ఆ తోట వాళ్ళింటికి పది నిమిషాల దూరం.

తెలుగు తరగతిలో పిల్లలు 19 మంది నుంచి 11కి తగ్గారు. కార్యవర్గంలో పెద్ద గొడవే జరిగింది. 2012లో ప్రాథమిక బడుల్లో క్రియోల్ ఐచ్ఛిక భాషగా వచ్చినప్పటి నుంచి అదీ తెలుగూ ఒకే వరుసలో నిలబడ్డాయి, పిల్లలు ఒకటే ఎంచుకోవాలి. క్రియోల్ తీసుకున్నవాళ్ళు మనవాళ్ళు కారని ఒకరన్నారు. నేను ఒప్పుకోను. ఆ మాటన్నదీ క్రియోల్‌లోనే! అయితే మన పాఠాలు పాతకాలంలోనే ఆగిపోయాయన్న మాట మాత్రం నిజం.

అదే గొడవలో మారిషస్ రాజ్యాంగం సంగతీ వచ్చింది. అందులో ఉన్నవి నాలుగే వర్గాలు: హిందువులు, ముస్లింలు, చైనీయులు, మిగిలిన జనం. ఏ వర్గానికీ ప్రాతినిధ్యం తగ్గకుండా, ఎన్నికల్లో ఓడినవారిలోంచి పార్లమెంటులో ఎనిమిది సీట్లు నింపే లెక్కకు ఇప్పటికీ 1972 జనాభా లెక్కలే ఆధారం. తెలుగువాళ్ళు అక్కడ హిందువుల్లో కలిసిపోయారు. తెలుగువాళ్ళకు వేరే గడి అడగాలని కొందరు, గడులే వద్దని పిల్లలు. సంఘం ఏ తీర్మానమూ చేయలేదు. నా ఓటు పిల్లలకే.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. మన రూపాయి నోట్ల మీద తమిళం ముందా, హిందీ ముందా అని 1998లో దేశమే అట్టుడికి, కొత్త నోట్లు వెనక్కి వెళ్ళాయి. తెలుగు ఆ నోట్ల మీద అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అయినా మన చందాలు అవే నోట్లలో రావాలి. ఆరుగురి బాకీ ఇంకా ఉంది.

తరగతి వచ్చే శనివారం నుంచి సాయంత్రం నాలుగింటికి. ఇంట్లో పాత వలస కాగితాలుంటే తెచ్చి చూపించండి, నంబరు ఒక్కటి చాలు.