నర్సీపట్నం మెకానిక్ అన్నకి

లంబసింగి నుంచి దిగుతూ డర్ట్ బైక్‌తో వాగు దాటబోయాను. ఎయిర్ ఫిల్టర్‌లోంచి ఇంజిన్‌లోకి నీళ్లు పోయాయి. బండి ఆగిపోయింది. నీళ్లు పోయాయని తెలియక సెల్ఫ్ కొడుతూనే ఉన్నాను. లోపల ఏదో ఠంగుమంది. ట్రాలీలో వేసుకుని నర్సీపట్నం చేరేసరికి మీరు షట్టర్ దించేస్తున్నారు.

మళ్లీ ఎత్తారు. ప్లగ్ తీసి కిక్ కొడితే నీళ్లు చిమ్మాయి. ఆయిల్ పాలు పోసిన టీలా వచ్చింది. "రాడ్ వంగుంటది బాబూ. క్రాంక్ లేత్‌కి పంపాలి, మూడ్రోజులు పడతాది" అన్నారు. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే రాడ్ అది.

పొద్దున్నే విశాఖలో అమ్మకి డయాలసిస్. తీసుకెళ్లడానికి నేనొక్కణ్ణే. ఆ మాట సగంలో ఉండగానే జేబులోంచి మీ బండి తాళం తీసి నా చేతిలో పెట్టారు. పేరడగలేదు, ఫోన్ నంబరడగలేదు. "ముందు అమ్మని చూసుకో." అంతే. ఘాట్ కింద ఆ చీకట్లో మీ బండి మీద వెళుతూ ఏడ్చేశానన్నా.

నాలుగో రోజు వస్తే పాత రాడ్‌ని వెలుతురుకెత్తి, ఒక కన్ను మూసి చూడమన్నారు. నడుం దగ్గర సన్నటి వంపు. సిలిండర్ బోర్ చేయించి, దానికి సరిపడా ఓవర్‌సైజ్ పిస్టన్, కొత్త రింగులు, గాస్కెట్లు వేశారు. ఇంజిన్ ఒక్క కిక్‌కే అందుకుంది. సామాన్లకీ లేత్‌కీ తప్ప రూపాయి ఎక్కువ తీసుకోలేదు.

500 కిలోమీటర్ల దాకా గట్టిగా లాగొద్దన్నారు. లాగలేదన్నా. ఆయిల్ కూడా మార్చాను. అమ్మ మిమ్మల్ని ఒకసారి భోజనానికి తీసుకురమ్మంటోంది.