వయొలిన్ తీగలు ఇచ్చి వెళ్లిన అమ్మగారికి

చెన్నై తిరువొత్తియూరులో యాత్రికుల కోసం నేను నడుపుతున్న చిన్న వసతి గృహానికి గత ధనుర్మాసంలో వచ్చి, పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన పెద్దావిడకు నా నమస్కారాలు. కచేరీలు మానుకుని, మా దగ్గరే గది తీసుకుని ఉంటున్న ఒకాయన వయొలిన్‌కు తెగి వేలాడుతున్న తీగను మీరు చూశారు. మర్నాడు తెల్లవారగానే కుంకుమ అంటిన కొత్త తీగల పొట్లాన్ని తాళంచెవుల పక్కన పెట్టి, అమ్మవారి ముందు ఒక్కసారి వాయించమని చెప్పండి అన్నారు. త్యాగయ్యగారు ఇక్కడి త్రిపురసుందరిపై కూర్చిన 5 కృతుల్లో ఒకదానిని ఆయన ఆ సాయంత్రం వణికే చేతులతో వాయించారు. వింటూ నిలబడిన నాకు, ఈయనే నా తోడు అని అనిపించింది. మొన్న అదే సన్నిధిలో మా పెళ్లి జరిగింది. ఎక్కడున్నా వచ్చి మమ్మల్ని ఆశీర్వదించండమ్మా, మీరు దిగిన గదిలోనే ఉందురుగాని.