పసిబిడ్డ రాత్రి నిద్రకు జలుబు మందా?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి పురిటికి కడపకు వచ్చి, ఇప్పుడు ఏడు నెలలు నిండిన పాపతో మా ఇంట్లోనే ఉంది. అంతవరకు రాత్రికి రెండుసార్లు మాత్రమే లేచి పాలు తాగి పడుకునే పాప, నాలుగు నెలలు నిండగానే గంట గంటకూ లేవడం మొదలుపెట్టింది. పదిహేను రోజులు గడిచేసరికి ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. దిష్టి తీశాం, తాయెత్తు కట్టాం. చివరికి ఎవరో చెప్పగా మా ఇంటాయన మందుల దుకాణానికి వెళ్లి సంగతి చెబితే, డాక్టరు చీటీ ఉందా అని కూడా అడగకుండా ఒక చిన్న సీసా చేతికిచ్చి, నాలుగు చుక్కలు వేస్తే తెల్లవార్లూ కదలదని భరోసా ఇచ్చి పంపారు. ఆ సీసాను ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూసిన మా అమ్మాయికి, చీమ తలకాయంత ఇంగ్లిషు అక్షరాల్లో, నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదన్న హెచ్చరిక కనిపించింది. పాపకు అప్పటికి నాలుగున్నర నెలలు.

అది జలుబు మందు. అందులోని క్లోర్‌ఫెనిరమిన్‌కు మత్తు కలిగించే గుణం ఉంది కాబట్టి, జలుబు లేని బిడ్డకు కూడా నిద్ర కోసం దాన్ని పట్టించే అలవాటు మన ఊళ్లలో ఎప్పటి నుంచో సాగుతోంది. క్లోర్‌ఫెనిరమిన్, ముక్కు దిబ్బడకు వాడే ఫినైలెఫ్రిన్ కలిసిన మందుల మీద ఈ హెచ్చరిక ముద్రించి తీరాలని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులోనే ఆదేశించారు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పసిపిల్లలు చనిపోయిన తరువాత, 2025 అక్టోబరులో, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయనూ వద్దు, ఇవ్వనూ వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ మరోసారి చెప్పింది. పూర్వం కూలికి పోయే తల్లులు ఆవగింజంత నల్లమందు నాకించి బిడ్డను ఉయ్యాలలో వేసి వెళ్లేవారని మా అవ్వ చెబుతుండేది. ఆ నల్లమందు స్థానంలోకి ఈ సీసా వచ్చినట్టుంది.

మరునాడు పిల్లల డాక్టరు చెప్పిన మాటలు మాకు ముందే తెలిసి ఉంటే ఆ సీసా దాకా పోయేవాళ్లం కాదు. పసిబిడ్డల నిద్ర సుమారు 50, 60 నిమిషాలకు ఒక విడతగా నడుస్తుంది. ప్రతి విడత చివరా నిద్ర పలచబడుతుంది. మనకూ అంతే; కాకపోతే మనం పక్కకు తిరిగి, దుప్పటి లాక్కుని, లేచిన సంగతే గుర్తులేకుండా మళ్లీ పడుకుంటాం. పడుకునేటప్పుడు ఊపుతూనో, చన్ను నోట్లో పెట్టుకునో నిద్రపోయిన బిడ్డ, మెలకువ వచ్చేసరికి అవి కనిపించక ఏడుస్తుంది. మా ఇంట్లో జరిగింది అక్షరాలా ఇదే. మిద్దె కొక్కేనికి చీర ఉయ్యాల కట్టి, దానికి తాడు తగిలించి, ఆ కొసను మంచం మీద పడుకున్న మా అమ్మాయి చేతికి చుట్టుకునేది. తనకు కునుకు పడితే తాడు ఆగేది, తాడు ఆగితే పాప లేచేది. తల్లి నిద్రపోవడమే బిడ్డను లేపుతోందని ఇంతమంది పెద్దవాళ్లం ఉండి గ్రహించలేకపోయాం.

అందుచేత మొదట ఉయ్యాలను పగటికి పరిమితం చేశాం. రాత్రి పాలు తాగించి, తేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, పూర్తిగా నిద్రలోకి జారకముందే, రెప్పలు బరువెక్కిన దశలో, తల్లి మంచం పక్కనే గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ మీద చెయ్యి వేసి ఉంచేవాళ్లం. తల గుండ్రంగా రావాలని నేను ముచ్చటపడి కుట్టించిన ఆవాల దిండును, పసిబిడ్డ పడకలో దిండ్లు, మెత్తటి బొంతలు ఉండకూడదని డాక్టరు గట్టిగా చెప్పడంతో, తీసేశాను. మొదటి మూడు రాత్రులు పాత రాత్రులకంటే ఘోరంగా గడిచాయని ఒప్పుకోవాలి. ఏడిస్తే ఏడవనిచ్చి తలుపు వేసుకోమని కొందరు సలహా ఇచ్చారు గానీ, నాకది మనసొప్పలేదు. గోడకు గోడ ఆనుకున్న ఇళ్లలో అది కుదిరే పని కూడా కాదు. అయితే పాప కదిలిన మరుక్షణమే ఎత్తుకోవడం మాత్రం మానేశాం. నిద్రలోనే మూలిగి, కాళ్లు తన్నుకుని, ఒకటి రెండు నిమిషాల్లో తనంతట తానే సర్దుకునే బిడ్డను చాలాసార్లు మనమే లేపేస్తున్నామని అప్పుడు తెలిసింది.

రాత్రికి పగటితో ఉన్న సంబంధం కూడా మాకు కొత్తగా అర్థమైంది. చీకటి పడితే మెదడులో మెలటోనిన్ అనే హార్మోను ఊరి నిద్ర వచ్చే ఏర్పాటు పుట్టిన రెండు మూడు నెలలకు గానీ కుదురుకోదు. అది కుదురుకున్నాక కూడా అర్ధరాత్రి దాకా టీవీ వెలుగులో, చుట్టాల ముద్దుల మధ్య ఉన్న బిడ్డకు రాత్రి అయినట్టు తెలిసేదెలా? పొద్దున్నే పాపను వాకిట్లో వెలుతురులో తిప్పడం, సాయంత్రం అయిదు దాటాక కునుకు తీయనివ్వకపోవడం, ఎనిమిదింటికి నీళ్లు పోసి గదిలో చిన్న దీపం మాత్రమే ఉంచడం అలవాటు చేశాం. రాత్రి పాలిచ్చేటప్పుడు మాటలు లేవు, ఫోను లేదు. నాలుగైదు నెలల బిడ్డలు పగలు చుట్టూ చూస్తూ పరధ్యానంగా, అరకొరగా తాగి, ఆ బాకీ రాత్రి తీర్చుకుంటారట. కాబట్టి పగటి పాలు జనం లేని గదిలో పట్టించమన్నారు. తల్లి తాను పడుకోబోయే ముందు, పదిన్నర ప్రాంతంలో, మగతలోనే ఉన్న పాపకు ఒకసారి పాలిస్తే ఇద్దరికీ మొదటి నిద్ర ఎక్కువసేపు దొరికింది. ఆరు నెలల లోపు బిడ్డ ఆకలేసి రాత్రి పాలకు లేవడం మామూలే. ఆ పాలను మాన్పించే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. కడుపు నిండితే పడుకుంటుందని అయిదో నెలలోనే రాగి జావ పట్టబోయిన నన్నూ డాక్టరు మందలించారు. మన కడప ఎండల్లో గొంతెండుతుందని నీళ్లు పట్టడమూ అంతే, ఆరు నెలల దాకా తల్లిపాలలోని నీరే చాలు. తేనె అయితే ఏడాది నిండేదాకా నాలుకకు కూడా రాయకూడదు. మే నెల రాత్రుల్లో మా పాప లేచింది చాలావరకు ఉక్కకు. మెడ వెనుక చెయ్యి పెట్టి చూసి, చెమట ఉంటే చొక్కా తీసేసేవాళ్లం. జ్వరం, చెవి లాక్కోవడం, గురక, బరువు పెరగకపోవడం వంటివి ఉంటే ఈ ఉపాయాలన్నీ పక్కన పెట్టి డాక్టరుకు చూపించాల్సిందే.

ఇదంతా మీ పత్రికకు రాయడానికి కారణం ఉంది. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు అయిపోయాక ప్రభుత్వ పట్టికలో తరువాతి టీకాలు తొమ్మిదో నెలలో వస్తాయి. బిడ్డ నిద్ర చెదిరేది, పళ్లు వచ్చేది, అన్నప్రాశన జరిగేది సరిగ్గా ఈ నడుమనే. అడగడానికి మనిషి కావలసిన ఆ నెలల్లోనే తల్లికి ఆరోగ్య కేంద్రం గడప తొక్కే పని ఉండదు. మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలల్లో ఆశా కార్యకర్తలు బిడ్డ ఉన్న ఇంటికి వెళ్లాలని 2018లో మొదలైన కేంద్ర కార్యక్రమం చెబుతోంది. బరువు, తిండి గురించి అడిగే ఆ సందర్శనల్లో, ముఖ్యంగా ఆరో నెలలో, రాత్రి నిద్ర గురించీ, ఇంట్లో ఏవైనా చుక్కలు వేస్తున్నారా అన్నదాని గురించీ అడిగేలా జిల్లా వైద్యాధికారులు చూడాలని కోరుతున్నాను. ఔషధ తనిఖీ అధికారులు మందుల దుకాణాల్లో ఈ సీసాలను చీటీ లేకుండా అమ్మకుండా ఆపాలి. సీసా మీది హెచ్చరిక తెలుగులోనూ ఉండాలి. బిడ్డకు చుక్కలు వేసే చేతులు చాలా ఇళ్లలో ఇంగ్లిషు చదవలేని అవ్వలవి.

మా పాప ఇప్పుడు రాత్రికి ఒకసారి, ఒక్కోరోజు రెండుసార్లు లేస్తుంది. అల్లుడు వచ్చిన శని, ఆదివారాల్లో భుజాన వేసుకుని తిప్పే వంతు ఆయనది, తక్కిన రోజుల్లో రెండో జాము మా ఇంటాయనది. మూత తీయని ఆ సీసాను మరునాడే దుకాణానికి తీసుకువెళ్లి, హెచ్చరిక చూపించి తిరిగి ఇచ్చాం. దుకాణదారు మారుమాట లేకుండా డబ్బులు చేతిలో పెట్టి, సీసాను మళ్లీ అదే అరలో పెట్టుకున్నాడు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, కడప